పిండిగూడు పక్కన హీట్ పంపు

ఎండపక్షం, దశమి

కొత్తరేవులో హీట్ పంపు తీసుకున్న మొదటి ఇల్లు మాదే. అందుకని దాని వాడకం గురించి ఎప్పటికప్పుడు చిట్టా రాసి ఇవ్వమంది నివాసాల కమిటీ. చివర్లో ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలట: ఇంటికి ఇది గిట్టుబాటవుతుందా, అవదా? నా జవాబు చూసి మిగతా ఇళ్ళవాళ్ళు తీసుకోవాలో మానాలో తేల్చుకుంటారు. అంకెలు మాత్రమే రాయండి అన్నారు. నాకు అంకెలొక్కటే రాయడం చేతకాదు. రాయమన్నవాళ్ళే ఓపిగ్గా చదువుకుంటారు.

నా పేరు తాయారు. మా ఆయన పేరు రంగనాయకులు. చంద్రుడి మీద మట్టిగుట్ట కింద తవ్విన ఎనిమిది ఇళ్ళ వీధిలో ఆఖరిల్లు మాది. పంచాంగం రాసినవాళ్ళు పక్షమని ఎందుకన్నారోగానీ, ఇక్కడ మాత్రం పక్షమంటే పక్షమే. రెండు వారాలు ఏకధాటిగా ఎండ, రెండు వారాలు ఏకధాటిగా చీకటి. ఎండపక్షంలో కరెంటు కావలసినంత ఉంటుంది. చీకటిపక్షంలో నిలవ చేసిన కరెంటునే ఇంటింటికీ వాటా వేస్తారు. ఆ వాటాతో కాయిల్ హీటర్ పెట్టుకుంటే మంచం దగ్గర కాళ్ళు కాలతాయి, వంటింట్లో పళ్ళు టకటకలాడతాయి. హీట్ పంపు అదే కరెంటుతో మూడింతల వేడి ఇస్తుందట.

ఇన్నేళ్ళూ దుప్పట్లు కప్పుకుని గడిపినదాన్ని ఇప్పుడెందుకు తీసుకున్నానంటే, మా అమ్మాయి భూమిక పురుటికి వస్తోంది. తొలి పురుడు పుట్టింట్లోనే అన్న ఆచారాన్ని ఇంత దూరం వచ్చినా మేం వదులుకోలేదు. వైద్యశాలవాళ్ళు సరేనన్నారుగానీ ఒక షరతు పెట్టారు. గదిలో వేడి ఇరవైయారు డిగ్రీలకి తగ్గకూడదు. తగ్గితే అమ్మాయిని వైద్యశాలలోని అద్దాలగదికి తీసుకుపోతారు. అక్కడ కన్నతల్లయినా సరే, అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపాల్సిందే. నా పిల్ల నొప్పులు పడుతుంటే నేను అద్దం మీద చెయ్యి ఆనించుకుని నిలబడడమా? నావల్ల కాదు.

ఇక ధర సంగతి. రెండేళ్ళ స్నానపు నీళ్ళు! ఇంటికి రోజూ వచ్చే వేణ్ణీళ్ళ వాటాని రెండేళ్ళపాటు కమిటీకి వదిలేశాం. ఇకనుంచి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. మా ఆయనకి వేణ్ణీళ్ళ స్నానమంటే ప్రాణం. స్నానాలగదిలో తప్ప ఇంకెక్కడా ఆయన గొంతెత్తి పాడిన పాపాన పోలేదు. సంతకాలు పెట్టి వచ్చినప్పటినుంచీ "గిట్టుబాటయిందా తాయారూ?" అని ఒకటే అడగడం. పంపు ఇంకా ఇంటికే రాలేదు.

ఎండపక్షం, ద్వాదశి

పంపు బిగించడానికి ఇమ్మానియేలు వచ్చాడు. మనిషి హుషారైనవాడు. పని చేస్తున్నంతసేపూ నోరు మూయడు.

"ఇది వేడి పుట్టించదండి. ఉన్నచోటునుంచి లేనిచోటుకి మోసుకొత్తాదండి, అంతే. బయటపెట్టె వీధిలో పెడతాం. అది అక్కడి గాల్లో వేడి లాగి మీ గదిలోకి తోసేత్తాది. బయటపెట్టె ఎంత వెచ్చని చోటుంటే దానికి అంత సుఖవండి. మీ వీధిలో వెచ్చని చోటెక్కడండి?"

ఈ ప్రశ్నకి జవాబు మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. పిండిగూడు! ఎనిమిది ఇళ్ళవాళ్ళు వాడేసిన స్నానపు నీళ్ళు ఒకే గొట్టంలో వెనక్కి పోతాయి. ఆ గొట్టం గోడలోంచి వెళ్ళేచోట ఒక గూడు ఉంది. చీకటిపక్షంలో కూడా ఆ గూడు గోరువెచ్చగా ఉంటుంది. మా వీధిలో ఇడ్లీపిండి ఎవరికివారు రుబ్బుకోరు. రోజుకొక ఇంటి వంతు. వంతు వచ్చినవాళ్ళు వీధందరికీ రుబ్బి, గిన్నెల్లో పోసి, మూతలమీద చిన్న ముగ్గేసి గూట్లో పెడతారు. పొద్దున్నకి పిండి మూతల్ని ఎత్తేస్తుంది. ఇక్కడ బరువు తక్కువ కదా, ఇడ్లీ బూరెలా పొంగుతుంది. భూమినుంచి వచ్చిన చుట్టాలు ఒక ఇడ్లీని రెండు చేతులతో పట్టుకుని ఫోటోలు దిగుతారు.

"ఇదిగో, ఇక్కడ పెట్టు" అని గూడు పక్కనే చోటు చూపించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఆయ్, సూపరండి" అన్నాడు ఇమ్మానియేలు.

ఎండపక్షం, చతుర్దశి

చీకటి పడేముందు వచ్చే ఆఖరి బండిలో భూమిక దిగింది. ఇక రెండు వారాలు రాకపోకలుండవు. అల్లుడు పెద్దరేవులో డ్యూటీలో ఇరుక్కుపోయాడు. దాని పొట్ట ముందు నడుస్తుంటే అది వెనకాల నడిచింది. ఈ పిల్ల పుట్టిన ఏడు ఇక్కడ ఆడపిల్లలందరికీ చంద్రుడి పేర్లే పెట్టారు. మా ఆయన మాత్రం కిటికీలోంచి కనిపించేదాని పేరే పెడతానని భూమిక అన్నారు. కిటికీలో భూమి ఇప్పటికీ అక్కడే వేలాడుతోంది.

ఎదురింటి వరహాలమ్మ వదిన పరుగున వచ్చి పిల్లకి దిష్టి తీసింది. నలభై ఏళ్ళుగా ఆవిడ ఇక్కడే ఉన్నా విజయనగరం యాస చెక్కుచెదరలేదు.

"ఒలమ్మో, గుంట ఎంత సక్కగైపోనాదో! ఇంక నువ్వు కదలొద్దమ్మా, అన్నీ మేం సూసుకుంతాం" అంది.

నర్సు షమీమ్ వచ్చి గోడకి వేడి కొలిచే బిళ్ళ అంటించింది. "ఆంటీ, ఇది ఎరుపు చూపించిందంటే మాత్రం నేను ఎవరి మాటా వినను. పేషెంటుని అద్దాలగదికి తీసుకెళ్ళిపోతాను" అని కచ్చితంగా చెప్పింది. భూమిక నా చెయ్యి పట్టుకుంది. ఇంటినుంచి కదలకూడదని దానికి నాకంటే ఎక్కువ పట్టుదల.

చీకటిపక్షం, విదియ

కమిటీవారికి అంకె కావాలన్నారుగా, ఇదిగో: గదిలో ఇరవైయారు. వంటింట్లో కూడా స్వెట్టర్ తీసేశాను! చీకటిపక్షంలో చేతులు బయటపెట్టి కూర్చోవడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. మా ఆయన కూడా లోలోపల ఆనందిస్తున్నారుగానీ, తడిగుడ్డ పట్టుకున్నప్పుడల్లా నిట్టూరుస్తారు.

"గిట్టుబాటయిందా?" అన్నారు పొద్దున్న.

"మీ పాట వినక్కర్లేదు. అదొక్కటి చాలు" అన్నాను.

చిన్న చిరాకు ఒకటి. నిన్న రుబ్బడం వరహాలమ్మ వదిన వంతు. పిండి పొంగలేదు. ఇడ్లీలు అప్పడాల్లా వచ్చాయి.

చీకటిపక్షం, పంచమి

నాలుగు రోజులుగా ఇదే వరస. వంతులు మారుతున్నా ఇడ్లీ లేవడంలేదు. మా ఆయన ఇవాళ ఒకటి గోడకేసి విసిరితే అది తాపీగా వెళ్ళి, గోడకి తగిలి, తాపీగా తిరిగి ఆయన చేతికే వచ్చింది. నవ్వొచ్చిందిగానీ, భూమిక తినకుండా పళ్ళెం పక్కన పెట్టేసింది. దానికి ఈ మధ్య ఇడ్లీ తప్ప ఇంకేదీ సహించడంలేదు. బిడ్డ బరువు తక్కువుందని షమీమ్ ఇప్పటికే ఒకసారి అంది.

నాకు ఒళ్ళు మండింది. పిండి కుదరకపోవడం మొదలైంది వరహాలమ్మ వదిన చేతిలోనే కదా అనిపించింది. ప్రతి రుబ్బులోనూ పాతపిండి కాస్త కలుపుతాం. అంటే ఆవిడ పాడుచేసిందే అందరికీ చుట్టుకుంటోందన్నమాట. నేరుగా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళాను.

"గిన్నె సరిగా కడగకుండా రుబ్బావేమో వదినా. కాస్త చూసుకోవాలి కదా, ఇంట్లో నిండుచూలాలుంది" అన్నాను. వీధిలో ముగ్గురు వింటున్నారని తెలిసి కూడా అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "నానా? నలభై ఏళ్ళై రుబ్బుతన్నాను వొదినా. నా సెయ్యి మంచిది కాదని ఎవులూ అనలేదు" అని తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం నుంచి మా గుమ్మం తొక్కలేదు. మిగతావాళ్ళు కూడా ఇటు రాలేదు. గదిలో వెచ్చగా ఉంది, పిల్ల ఒక్కత్తే గోడకేసి చూస్తూ పడుకుంది.

చీకటిపక్షం, సప్తమి

నిన్న నా వంతు. రుబ్బుతున్నప్పుడే అనుకున్నాను, రేపు నా ఇడ్లీలు చూసి అందరూ నోళ్ళు మూసుకుంటారని. గిన్నెలు ఒకటికి రెండుసార్లు శుభ్రంగా తుడిచి, ముగ్గులు కూడా కాస్త పెద్దవే వేసి, గూట్లో పెట్టి వచ్చాను.

పొద్దున్న చూస్తే నా ఇడ్లీలు కూడా లేవలేదు! వదినవాటికంటే ఘోరంగా ఉన్నాయి.

గిన్నెలు తీద్దామని గూట్లో చెయ్యి పెట్టాను. గోడ చల్లగా ఉంది. గొట్టం పైభాగం చల్లగా ఉంది. పక్కనే నా పంపు బయటపెట్టె, చెవుల దాకా మంచు పట్టి, గుయ్యిమంటూ హాయిగా పనిచేసుకుంటోంది. వేడి పుట్టించదు, మోసుకొస్తుంది అని ఇమ్మానియేలు చెప్పనే చెప్పాడు. ఎక్కడినుంచి మోసుకొస్తోందో నేను ఆలోచించలేదు. వీధి పిండి కోసం వందలసార్లు తడిమి చూసుకున్న గోడ అది. వెచ్చని చోటు ఎక్కడని అడగ్గానే నా నోటికి వచ్చింది అదే. అందులో వేరేవాళ్ళ గిన్నెలున్న సంగతి మాత్రం బుర్రకి తట్టలేదు.

ఇమ్మానియేలుని పిలిపించాను. తల గోక్కున్నాడు.

"మీరు సూపించిన చోటే కదండి. ఇంకోచోటికి మార్చొచ్చుగానండి, మిగతా వీధంతా చలేనండి. పంపు లాగలేదు. గదిలో ఇరవై దాటదండి."

ఇరవై అంటే బిళ్ళ ఎరుపు. పంపు అక్కడే ఉంటే ఎనిమిది ఇళ్ళకి పిండి పొంగదు, మారిస్తే నా పిల్ల అద్దాలగదికి పోతుంది. సిగ్గుతో తల తీసేసినట్టయింది. పాపం, వరహాలమ్మ వదిన.

భూమిక అంతా వింది. "మార్పించేయమ్మా. నేను అద్దాలగదికే వెళ్తాను. నాకోసం వీధంతా తిండి మానుకోవడమేంటి?" అంది. మాట స్థిరంగానే చెప్పింది. చెప్పాక దుప్పటి మొహం మీదికి లాక్కుంది. మా ఆయన గిట్టుబాటు మాట ఎత్తలేదు. ఎత్తుంటే బాగుండేదనిపించింది.

చీకటిపక్షం, అష్టమి

పొద్దున్నే వరహాలమ్మ వదిన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"తప్పంతా నాది వదినా" అన్నాను. "నీ చేతిలో ఏ లోపమూ లేదు. నా పంపే గూట్లో వేడంతా లాగేస్తోంది. నలుగురిలో నిన్ను అనరాని మాట అన్నాను. మళ్ళీ నలుగురిలోనే చెప్తాను, క్షమించు."

ఆవిడ గూటివైపు చూసింది. "గూట్లో వేడి ఇప్పుడెక్కడుంది?" అంది.

"మా గదిలో."

"మరైతే పిండి గూట్లో ఎందుకు వొదినా?"

నాకు అర్థమయ్యేలోపలే ఆవిడ గూటి దగ్గరికి వెళ్ళి, రెండు గిన్నెలు చంకన పెట్టుకుని, మా ఇంట్లోకి నడిచి, భూమిక మంచం కిందికి తోసేసింది. "వేడి ఎక్కడికెల్తే పిండీ అక్కడికే ఎల్తాది. ఏటే గుంటా, మంచం కింద గిన్నెలుంటే నీకేటైనా ఇబ్బందా?" అంది. భూమిక దుప్పట్లోంచి మొహం బయటపెట్టింది. నాలుగు రోజుల తర్వాత నవ్వింది.

సాయంత్రానికల్లా ఎనిమిది ఇళ్ళ గిన్నెలూ మంచం కిందికి చేరాయి. షమీమ్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇది పురిటిగదా, టిఫిన్ సెంటరా?" అంది. బిళ్ళ చూసింది. ఆకుపచ్చ. వాసన చూసింది. మొహం చిట్లించింది. గిన్నెల మూతలు గట్టిగా బిగించండి, మంచం కింద కాళ్ళవైపే పెట్టండి అని చెప్పి వెళ్ళిపోయింది.

చీకటిపక్షం, నవమి

మూతలు లేచాయి! మూడు గిన్నెలు పొంగి నేలమీదికి వచ్చేశాయి. భూమిక ఏడు ఇడ్లీలు తింది. ఇప్పుడు వీధంతా పొద్దున గిన్నెలు తీసుకోవడానికీ, సాయంత్రం పెట్టడానికీ మా ఇంటికే వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు. వెచ్చగా ఉందని కూర్చుంటారు, పిల్ల కాళ్ళు పడతారు, పేర్లు చెప్తారు, ఆ పేర్లు బాగాలేవని దెబ్బలాడుకుంటారు. నా కాఫీపొడి మాత్రం తరిగిపోతోంది. కమిటీవారు దీన్ని కూడా ఖర్చుల్లో రాసుకోగలరు.

చీకటిపక్షం, ఏకాదశి

ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం. నేను అద్దం అవతల కాదు, నా పిల్ల తల దగ్గరే ఉన్నాను. నొప్పులు వచ్చినప్పుడల్లా అది నా మణికట్టు పిండేసింది. ఇప్పటికీ కమిలిపోయి ఉంది. చూసుకుని మురిసిపోతున్నాను.

ఇంత సంతోషంలో షమీమ్ చేతులు తుడుచుకుంటూ మామూలుగా ఒక మాట అంది: "ఎల్లుండి తల్లికీ బిడ్డకీ స్నానం. వేణ్ణీళ్ళు బాగా కావాలి ఆంటీ. బాలింతకి ఆ తర్వాత రోజూ పోయాలి."

వేణ్ణీళ్ళు! పురుడు ఇంట్లో పోయాలని గది వెచ్చగా చేశాను, ఆ వెచ్చదనం కోసం రెండేళ్ళ వేణ్ణీళ్ళు వదిలేశాను. పురుటికి ముందుగా కావలసింది ఏమిటో మా అమ్మమ్మనాటి నుంచీ ప్రతి ఆడదానికీ తెలుసు. నేను మాత్రం మా ఆయన స్నానం గురించే ఎగతాళి చేస్తూ కూర్చున్నాను. పొయ్యిమీద కాచుకుందామంటే కాచడానికి నీళ్ళేవి? తాగేనీళ్ళ వాటా తాగడానికే సరిపోతుంది.

షమీమ్ నా మొహం చూసి గ్రహించింది. "నీళ్ళు లేకపోతే చెప్పండి. అద్దాలగదిలో ఉన్నాయి. తీసుకెళ్తాను. కానీ ఒకసారి తీసుకెళ్తే ఎండ వచ్చేదాకా మళ్ళీ పంపను" అంది.

చీకటిపక్షం, ద్వాదశి

కమిటీకి వెళ్ళి బతిమాలాను. వదిలేసిన వాటా ఈసరికి పక్క వీధులకి సర్దేశామన్నారు. వాళ్ళ తప్పేంలేదు, సంతకం నాదే.

వీధిలో అడగొచ్చు కదా అన్నారు మా ఆయన. ఏ మొహం పెట్టుకుని అడగను? వాళ్ళ పిండి పాడుచేసి, ఆ నేరం ఇంకొకరి మీద వేసి, ఇప్పుడు మీ స్నానపు నీళ్ళు కూడా పోయండి అని అడగడమా? రోజంతా గిన్నెలు పెట్టడానికి వచ్చినవాళ్ళతో ఒక్క ముక్క అనలేకపోయాను. భూమిక బట్టలు సంచీలో సర్దాను. చిన్నదాని గుడ్డలు సర్దుతుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను.

చీకటిపక్షం, త్రయోదశి

పొద్దున్నే తలుపు చప్పుడైంది. గిన్నెలకోసం వచ్చారనుకుని తీశాను. వరహాలమ్మ వదిన నిలబడి ఉంది. చేతిలో గిన్నె లేదు, బకెట్టు ఉంది. పైనుంచి ఆవిరి లేస్తోంది. ఆవిడ వెనకాల వీధిలో ఇంకో ముగ్గురు, ముగ్గురి చేతుల్లోనూ బకెట్లే.

"ఇయ్యాల నాలుగిళ్ళయి. పెద్ద స్నానం కదా" అంది. "రేపట్నుంచి రోజుకొక ఇల్లు. పిండికి వంతుల్లేవా, ఇదీ అంతే."

"మీకెవరు చెప్పారు వదినా?"

"ఎవులు సెప్పాలి? నువ్వు స్నానం నీల్లు వొదిలీసినావని వీధందరికీ తెలుసు. పురుటికి నీల్లెక్కడివని మాకు మొదటిరోజే తోసింది. వంతులు అప్పుడే ఏసీసినాం. నువ్వు అడుగుతావని సూత్తన్నాం. నువ్వు నోరిప్పితేగా!"

మొదటిరోజే అంటే, నేను ఆవిడ గుమ్మంలో నోరు పారేసుకోకముందే. అన్న తర్వాత కూడా ఆవిడ తన వంతు తీసేసుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను. "నీల్లు సల్లారిపోతాయి, తోవ ఇయ్యి" అని నన్ను పక్కకి నెట్టింది.

స్నానాలగదిలో పీటమీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. నూనె రాసిన బిడ్డని ఆవిడ కాళ్ళమీద నేనే పడుకోబెట్టాను. చెంబుతో పోస్తుంటే నీళ్ళు ఇక్కడి పద్ధతిలో తీరుబడిగా దిగి, చిన్నదాని వీపుమీద కాసేపు ఆగి, అప్పుడు జారాయి. చిన్నది ఒకసారి కెవ్వుమని, వెచ్చదనం తగలగానే ఊరుకుంది. వదిన ముక్కు నొక్కి, తల గుండ్రంగా సర్ది, ఏవో విజయనగరం మాటలు చెప్తూ పోసింది. ఆ నీళ్ళన్నీ గొట్టంలోకే పోయాయి. బయట నా పంపు వాటిలో వేడిని లాక్కుని మళ్ళీ గదిలోకే తెచ్చిపెట్టింది. షమీమ్ బిళ్ళ చూసుకుని, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. నేను భూమిక బట్టలు సంచీలోంచి తీసి అలమారలో పెట్టేశాను.

ఇదిగో కమిటీవారి ఆఖరి ప్రశ్న. మూడింతల వేడి నిజమే. చీకటి పడ్డప్పటినుంచీ గది ఇరవైయారే. రెండేళ్ళ నీళ్ళు కూడా నిజమే, అది చిన్న ధర కాదు. తీసుకోబోయేవాళ్ళకి నా సలహా ఒక్కటే. బయటపెట్టె ఎక్కడ పెట్టాలని ఇమ్మానియేలు అడగ్గానే చెప్పెయ్యకండి. ముందు ఎదురింటావిడని అడగండి.

రాయడం ముగిద్దామనుకుంటే స్నానాలగది దగ్గర అలికిడైంది. మా ఆయన భుజాన తువ్వాలు వేసుకుని, ఏ పనీ లేనట్టు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వరహాలమ్మ వదిన బకెట్టు వంచి చూసింది.

"రెండు సెంబులు మిగిలినాయి. అన్నియ్యకి ఇచ్చీ వొదినా. పాపం, పాట మరిసిపోనారేమో."

మరచిపోలేదు. తలుపు మూసుకోగానే మొదలెట్టారు. వీధి చివరిదాకా వినిపించేంత గొంతుతో పాడుతున్నారు. పక్కగదిలో చిన్నది నిద్రపోతోంది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి రెండుసార్లు అడిగాను, గిట్టుబాటయిందా అని. పాట ఆపితేగా జవాబు చెప్పడానికి!